అరిగిపోయే కళ: కర్నూలు, కడప పల్లెల గృహజీవనం – జానపద పరిశోధన

వ్యాససంగ్రహం: కర్నూలు, కడప జిల్లాల పల్లె ఇంటిలో పుట్టిన కళలు చాలావరకు వాడుకలో అరిగిపోయేవి. విసుర్రాయి పాట, ముగ్గు, అలుకుడు, బొంత ఇందుకు ఉదాహరణలు. మిగిలి ఉండే పాఠాన్నీ వస్తువునూ వెతికే పరిశోధన పద్ధతి ఈ ఇంటిని ముక్కలుగా విడదీసి చూసింది. దానివల్ల ఆ కళలను బతికించిన శ్రమ, ఆ శ్రమ వెనుక ఉన్న కులం, పంట, రాయి పరిశీలన నుంచి జారిపోయాయి. ఈ వ్యాసం ఆ లోటును విమర్శనాత్మకంగా చర్చిస్తుంది. జిల్లాల పేర్లు 2022 పునర్విభజనకు ముందరి హద్దుల ప్రకారం వాడబడ్డాయి.

కీలక పదాలు: గృహజీవనం, విసుర్రాయి, ముగ్గు, నాపరాయి, బొంత, భౌతిక సంస్కృతి, రాయలసీమ.

ఇల్లు నాలుగు అధ్యాయాలైన తీరు

తెలుగులో జానపద పరిశోధన పాటతో మొదలైంది. 1874లో జె.ఎ.బాయిల్ 'ఇండియన్ ఆంటిక్వరీ'లో తెలుగు వీరగాథల గురించి వ్యాసం రాసినా, బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' (1958) గ్రంథంతో ఈ రంగానికి విశ్వవిద్యాలయ గౌరవం తెచ్చినా, నాయని కృష్ణకుమారి గేయగాథలను విడిగా అధ్యయనం చేసినా దృష్టి ప్రధానంగా పాఠం మీదనే నిలిచింది. ఆ తరం చేసిన పని చిన్నది కాదు. వారు సేకరించకపోతే ఈనాడు విమర్శించడానికైనా ఏమీ మిగిలేది కాదు.

1972లో రిచర్డ్ డార్సన్ జానపద విజ్ఞానాన్ని మౌఖిక సాహిత్యం, భౌతిక సంస్కృతి, సాంఘిక ఆచారాలు, ప్రదర్శన కళలు అని నాలుగు శాఖలుగా విభజించాడు. ఆర్వీయస్ సుందరం 'ఆంధ్రుల జానపద విజ్ఞానం' వంటి గ్రంథాలు ఈ శాస్త్రం పరిధి పాటకంటే ఎంత విస్తృతమైనదో తెలుగు పాఠకులకు చూపించాయి. పాట వెంట పనిముట్టునూ పండుగనూ చూడడం అప్పటినుంచి అలవాటైంది. అది మేలు. అయితే పరిధిని సూచించడానికి ఉద్దేశించిన ఆ నాలుగు శాఖలు క్రమంగా సిద్ధాంత వ్యాసాల అధ్యాయ ప్రణాళికగా స్థిరపడ్డాయి. చిక్కు అక్కడే వచ్చింది.

విసుర్రాయినే తీసుకుంటే ఈ చిక్కు వెంటనే కనిపిస్తుంది. రాయి భౌతిక సంస్కృతి అధ్యాయంలోకి పోతుంది. దాని దగ్గర పాడిన పాట మౌఖిక సాహిత్యంలోకి పోతుంది. పెళ్ళినాడు ఆ రాయికి పసుపు పూసి కంకణం కట్టడం ఆచారాల అధ్యాయానికి చేరుతుంది. ఇక పాట దగ్గర మరో తగాదా. అది 'స్త్రీల పాట'నా, 'శ్రామిక గేయమా' అన్న ప్రశ్నకు వర్గీకరణలో సరైన జవాబు లేదు. విసిరింది స్త్రీయే, చేసింది శ్రమే. రెండు గదుల మధ్య గోడ కట్టిన తరువాత ఒకే పాటను ఏ గదిలో పెట్టాలని వాదించుకోవడం పరిశోధకుల సమస్య తప్ప పాడినవారి సమస్య కాదు. ఈ మూడు అధ్యాయాలూ చదివిన పాఠకుడికి ఆ రాయి ఇంట్లో ఏ మూల ఉండేదో, ఏ పొద్దున తిరిగేదో, ఎందుకు ఆగిపోయిందో తెలియదు.

వలసపాలన కాలపు గ్రంథాల్లో ఈ ఇల్లు దొరుకుతుందా అంటే అక్కడా నిరాశే. జె.డి.బి.గ్రిబుల్ కడప జిల్లా మాన్యువల్ (1875), నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు జిల్లా మాన్యువల్ (1886) విలువైన ఆధారాలే అయినా అవి పాలన అవసరాలకోసం తయారైనవి. పన్ను కట్టే పొలం వాటిలో కనిపించినంత స్పష్టంగా ఆ పొలం గింజను పిండి చేసిన ఇల్లు కనిపించదు. భద్రిరాజు కృష్ణమూర్తి ప్రారంభించిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయం (1962), చేనేత (1971) సంపుటాలతో మాటల సేకరణకు శాస్త్రీయమైన బాట వేసింది. ఆ బాటకు పునాది 'వృత్తి' అన్న భావన. ఇంటిపనికి కూలి లేదు కనుక దాన్ని వృత్తిగా లెక్కించే అలవాటు సమాజానికే లేదు. అలికే, విసిరే, కుట్టే, ముగ్గుపెట్టే చేతుల పదజాలం ఇలా అన్ని వైపుల నుంచీ పక్కకు జరిగింది.

ప్రదర్శన గది లేని ఇల్లు

ఐరోపాలో పల్లె గృహకళ అధ్యయనానికి బలమైన సంప్రదాయమున్న దేశం హంగరీ. బేలా బార్తోక్, జొల్తాన్ కొదాయ్ 1906లో ఇరవై హంగేరియన్ జానపద గీతాలను ప్రచురించారు. గ్రామాలకు ఫోనోగ్రాఫు మోసుకెళ్ళి మైనపు గొట్టాల మీద పాటలు ముద్రించారు. సెంటెండ్రె పట్టణంలో 1967లో స్థాపించిన ఆరుబయటి మ్యూజియంలో దేశంలోని వేర్వేరు ప్రాంతాల పల్లె ఇళ్ళను విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టారు. హొల్లోకో గ్రామం 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మత్యో స్త్రీల కుట్టుపని 2012లో యునెస్కో గుర్తింపు పొందింది.

ఈ విజయానికి హంగేరియన్ పల్లె ఇంటి నిర్మాణమే కొంత కారణం. ఆ ఇంటిలో వీధివైపున 'శుభ్రమైన గది' అని ఒకటి ఉంటుంది. రంగులు వేసిన పెట్టె, పూలు చెక్కిన కుర్చీలు, పైకప్పు దాకా పేర్చిన కుట్టుపూల దిండ్లు ఆ గదిలో ఉంటాయి. రోజువారీ తినడం, పడుకోవడం అక్కడ జరగవు. అతిథి చూడడానికి, పెళ్ళికి, చావుకు ఆ గది. కుటుంబం తన కళను తానే ఒకచోట చేర్చి ప్రదర్శించుకున్న తరువాత మ్యూజియం అధికారికి పని సులువవుతుంది.

రాయలసీమ పల్లె ఇంటిలో అలాంటి గది లేదు. మట్టిమిద్దెలో ముందు భాగం పశువులది. కాస్త ఎత్తుగా ఉన్న లోపలి భాగం మనుషులది. గాడి దగ్గర ఎద్దులు మేస్తుంటే పడసాలలో పిల్లలు పడుకుంటారు. పొగకూ వెలుగుకూ మిద్దెకు ఒక గవాచి, గోడలో దీపపు గూడు, మూలన గరిసె, దూలానికి ఉట్టి. దూలాల మీద దంతెలు, వాటి మీద కంపో బండో పరిచి ఆపైన చవుడుమన్ను పోసి తొక్కుతారు. వానకు ముందు ఏటా ఆ మన్ను కొత్తగా పోయాలి, లేకపోతే మిద్దె కురుస్తుంది. వాన రాకున్నా పోయాల్సిందే. ఏటా సగటున ఆరేడు వందల మిల్లీమీటర్ల వానకు మించని సీమలో, రాని వానకోసం మిద్దెను సిద్ధం చేయడం ఇంటిపనుల్లో ఒకటి.

ఇలాంటి ఇంట్లో అందం ఒకచోట కూడబెట్టి ఉండదు. గోడ అడుగున జాజు పట్టె, దాని మీద సున్నపు గీతలు, గడపకు పసుపు కుంకుమలు, వాకిట్లో అలుకుడు మీద ముగ్గు, ఏరువాక పున్నమినాడు ఎద్దుల కొమ్ములకు రంగు, మెడలో గవ్వల పట్టెడ. వీటిలో ఏదీ నెల కూడా నిలవదు. ముగ్గుకు మధ్యాహ్నం దాకా కూడా ఆయుష్షు లేదు. గొర్రెల మంద ఒకసారి వాకిలి దాటితే చాలు. చేసిన వస్తువు మిగలకపోవడం ఇక్కడ లోపంగా భావించబడలేదు. మళ్ళీ చేయడమే ఇక్కడి సంప్రదాయం. మిగిలిన వస్తువుల పట్టిక తయారుచేసే పరిశోధకుడికి ఈ ఇల్లు పేదగా కనిపించడానికి కారణం అదే. హంగరీ నమూనా ఇచ్చిన కొలబద్ద ఇక్కడ సరిపోదు.

రాతి విషయంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల నాపరాయి ఇక్కడి ఇంటికి గోడ, కప్పు, నేల, అరుగు, జాలాడి, పొలానికి కంచె. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ సున్నపురాతి పొరల్లో ఒకదానికి కడప జిల్లా ఊరు నార్జి పేరే పెట్టారు. మహారాష్ట్రలో వంటింటి తిన్నెకు వేసే నల్లబండను ఇప్పటికీ 'కడప్పా' అనే పిలుస్తారు. ఒక జిల్లా పేరు పరాయి భాషలో వంటింటి వస్తువైపోవడం గృహజీవన చరిత్రకారుల దృష్టికి రావలసిన విషయం. ఆళ్ళగడ్డ శిల్పుల దేవతామూర్తులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది న్యాయమే. ఆ ఊళ్ళ వీధుల్లోనే అరుస్తూ తిరిగి రోళ్ళకూ విసుర్రాళ్ళకూ గంట్లు కొట్టినవారి పనితనం మాత్రం ఏ జాబితాలోనూ చేరలేదు. గంటు ఎంత లోతున, ఏ వాలున పడితే జొన్న పిండి అవుతుందో, ఏ వాలున పడితే కంది పప్పుగా విడిపోతుందో వారి చేతికి తెలుసు.

విసుర్రాయి ఆగిన వేళ

కర్నూలువైపు జొన్నరొట్టె, కడపవైపు రాగిసంగటి, రెండుచోట్లా కొర్ర. జొన్నను కోతలయ్యాక నేలలో తవ్విన పాతరలో, లోపల గడ్డి పరిచి దాచేవారు. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగరు, చెడుగాలి పోయేదాకా ఆగుతారు. అక్కడినుంచి తెచ్చిన గింజ నోటికి చేరాలంటే పిండి కావాలి. వరి దంచితే చాలు, జొన్న రాగులకు దంచుడుతో తీరదు. మెట్టపంట తినే సీమలో విసుర్రాయి ప్రతి తెల్లవారుజామునా తిరగక తప్పదన్నమాట. విసుర్రాయి పాట ఇక్కడ విస్తారంగా వినిపించడానికి మొదటి కారణం స్త్రీల సృజన శక్తి కాదు, జొన్న గింజ స్వభావం. ఈ మాట పాటను తక్కువ చేయదు. పాట ఎక్కడ నిలబడి ఉందో చెబుతుంది.

ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడిని పట్టుకుంటారు. ఒకరు లాగితే ఒకరు తోస్తారు. ఖాళీగా ఉన్న చెయ్యి గుప్పెడు గింజలను రాతి నోట్లో పోస్తుంది. పాదం సగం ఒకరిది, సగం ఒకరిది. పాదాంతంలో వచ్చే ఊతపదాన్ని సాహిత్య విద్యార్థి పల్లవి అనుకుంటాడు. రాతి దగ్గర అది ఊపిరి తీసుకునే చోటు. గింజ పోసినప్పుడు రాయి బరువెక్కుతుంది, నడక మందగిస్తుంది. పిండి జారాక రాయి తేలికవుతుంది, నడక పెరుగుతుంది. అచ్చులో ఒకే గణబద్ధంగా కనిపించే పాదాలు వాస్తవంలో ఒకే వేగంతో నడవవు. బార్తోక్ హంగేరియన్ పాటలను మాటనడకను అనుసరించేవి, కచ్చితమైన తాళాన్ని అనుసరించేవి అని వేరుచేశాడు. విసుర్రాయి పాటకు ఈ రెండూ సరిపోవు. దాని నడక రాతిలో ఎంత గింజ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. పాడే అవ్వను రచ్చబండ మీద కూర్చోబెట్టి రాసుకున్న పాఠంలో ఈ సంగతి ఉండదు. తెలుగు సంపుటాల్లో చాలా పాటలు ఇలా రాయికి దూరంగా సేకరించినవే. మాత్రాఛందస్సు లెక్కగట్టి ఇక్కడ మాత్ర తప్పిందని సరిదిద్దిన సందర్భాల్లో, తప్పినదనుకున్న మాత్ర బహుశా ఒక గుప్పెడు జొన్నలు.

పాట ఎందుకు ఆగిపోయిందన్న ప్రశ్నకు పరిశోధన గ్రంథాల ముగింపు అధ్యాయాల్లో సిద్ధంగా ఉండే సమాధానం సినిమా, టీవీ, పాశ్చాత్య నాగరికత. కాలక్రమం ఈ సమాధానాన్ని సమర్థించదు. విసుర్రాయిని ఆపింది మొదట పిండిమర. తరువాత పొలంలో జొన్న కొర్రల చోటును వేరుశనగ ఆక్రమించింది. ఇంట్లో తినే పంట పోయి అంగడికి పోయే పంట వచ్చాక పాతరకు పని లేదు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పండుగ కూడుగా ఉన్న వరి రోజు కూడైంది. బియ్యానికి విసుర్రాయి అవసరం లేదు. చౌకధరల దుకాణం బియ్యాన్నీ వేరుశనగ సాగునూ ప్రస్తావించకుండా విసుర్రాయి పాట 'అంతరించింది' అని వాపోయే అధ్యాయం చరిత్రగా నిలవదు.

ఆ వాపోవడంలో మరో ఇబ్బంది కూడా ఉంది. కోడికూతకు ముందే లేచి ఇంటిల్లిపాది తిండికి సరిపడా పిండి విసరడం ఎంత కష్టమో ఆ పాటలే చెబుతాయి. అత్త ఆరడి, పుట్టింటి తలపు, భర్త పరాయితనం వాటి విషయాలు. ఆ బాధ పాటలో ఎంత చక్కగా పలికిందో చెప్పి, ఆ బాధ పోయినందుకు విచారించడం పరిశోధకులకు తగదు. పిండిమర వచ్చిన రోజు ఊరి స్త్రీలు ఏమనుకున్నారన్న ప్రశ్న వేసిన సిద్ధాంత వ్యాసాలు అరుదు. పాట పోవడం ఒక నష్టం. నడుము నొప్పి పోవడం ఒక లాభం. రెండింటినీ ఒకే పుటలో రాయగలిగినప్పుడే ఆ వ్యాసాన్ని ఆ స్త్రీలు తమదిగా గుర్తుపడతారు.

ముగ్గురాయి, బొంత, మొలక

కడప జిల్లా మంగంపేటలో దొరికే బెరైటీస్ ఖనిజాన్ని తెలుగువారు ముగ్గురాయి అంటారు. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో మంగంపేట ఒకటి. చమురుబావులు తవ్వేటప్పుడు బురదకు బరువు చేర్చడానికి ఈ పొడిని దేశదేశాలకు ఎగుమతి చేస్తారు. ఆ రాయిని వాకిలి ఊడ్చిన స్త్రీల చేతివాటంతో గుర్తుపెట్టుకున్న పేరు నేడు గనుల వ్యవహారంలోనూ వార్తాపత్రికల్లోనూ స్థిరపడింది. ముగ్గు గురించి రాసేవారు చుక్కల లెక్క, లతల అల్లిక, లక్ష్మీప్రదం అన్న నమ్మకం వరకు వస్తారు. పొడి ఎక్కడిది, ఏ కొండది, కొన్నదా తెచ్చుకున్నదా అన్న ప్రశ్నలు మాత్రం అడగరు. మెత్తటి తెల్లరాయి చేతికందే సీమలో పొడిముగ్గు, వరి పండే సీమలో పిండిముగ్గు వాడుకలోకి రావడం సహజం. గీత వెడల్పు, వంపు, వేగం ఆ పొడి బరువును బట్టి మారతాయి. ముగ్గును కాగితం మీద చుక్కలుగా దించిన క్షణంలో ఈ తేడా చెరిగిపోతుంది.

బొంత సంగతి ఇంకా విచిత్రం. చిరిగిన చీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచునుంచి లోపలికి వరుసకుట్టు వేస్తూ పోతారు. పైన ఏ చీర ముక్క ఉండాలి, ఏ అంచు కనిపించాలి అన్నది కుట్టేవారి ఎంపిక. చూసే కన్నుంటే ఒక బొంతలో ఒక కుటుంబపు పదిహేనేళ్ళ బట్టల చరిత్ర చదవవచ్చు. ఇదే పద్ధతిలో పుట్టిన బెంగాల్ కాంథాను స్టెల్లా క్రామ్రిష్ వంటి కళాచరిత్రకారులు పరిశీలించారు, అది మ్యూజియాలకెక్కింది. రాయలసీమ బొంత కళగా లెక్కకు రాలేదు. పూలు, ఏనుగులు లేకపోవడం ఒక కారణం కావచ్చు. అసలు కారణం, అది పేదరికపు గుర్తుగా ఇంటివారికే సిగ్గు కలిగించడం. అతిథి వస్తే దాన్ని దాచి దుప్పటి పరుస్తారు. హంగరీ ఇంటిలో దిండ్లు పేర్చి చూపించే సంస్కృతికి ఇది పూర్తిగా ఎదురు. దాచే వస్తువును కళగా చూడడానికి పరిశోధకుడు ముందుగా ఆ సిగ్గును అర్థం చేసుకోవాలి.

వీటన్నిటిలో మొలకల పున్నమి ప్రత్యేకమైనది. ఆడపిల్లలు నవధాన్యాలను మట్టిలో నాటి, మొలకలు పెంచి, వాటిని ఊరేగింపుగా తీసుకుపోయి నీటిలో కలుపుతారు. ఆచారాల అధ్యాయంలో దీన్ని సంతాన సాఫల్య క్రతువు అంటే సరిపోతుందనుకుంటారు. కరువుసీమలో దాచిన విత్తనం మొలకెత్తుతుందా లేదా అన్నది బతుకు ప్రశ్న. ఇంటిలోపల, చిన్న పాత్రలో, అమ్మాయిల చేతుల మీదుగా విత్తనపు సత్తువ తెలిసేది. భక్తి, ఆట, వ్యవసాయ పరిజ్ఞానం ఇందులో విడదీయరానంతగా కలిసి ఉన్నాయి. ధాతు కరువు (1876–78) వంటి విపత్తులు చూసిన నేలలో గింజను విత్తనానికి మిగిల్చి ఆకలిని ఓర్చుకోవడం ఇంటి నిర్ణయం. ఆ నిర్ణయాన్ని చాలా ఇళ్ళలో అమలుపరచింది స్త్రీలు.

ఎవరి ఇల్లు?

'రాయలసీమ పల్లె ఇల్లు' అన్న మాటలోనే ఒక మోసం ఉంది. ఇంతవరకు వర్ణించిన మట్టిమిద్దె, గరిసె, పాతర, ఎద్దుల గాడి కాస్తో కూస్తో భూమి ఉన్న రైతు ఇంటివి. ఊరి చివర బోదకొట్టంలో పాతర లేదు, పాతరలో దాచేటంత జొన్నా లేదు. పెద్ద ఇళ్ళలో విసరడానికి కూలికి వచ్చిన స్త్రీలు ఉన్నారు. వారు ఆ రాతి దగ్గర పాడిన పాటలో 'అత్త' ఎవరు? పాడే స్త్రీకి సొంత అత్తనా, ఎదుట నిలిచిన ఇంటి యజమానురాలా? సేకర్త పాట కింద ఊరి పేరు రాసి పాడిన మనిషి కులాన్ని, ఆ రాయి ఎవరి ఇంటిదన్న సంగతిని వదిలేస్తే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం అసాధ్యం. వెల్చేరు నారాయణరావు స్త్రీల రామాయణ పాటల మీద 1991లో ప్రచురించిన ఆంగ్ల వ్యాసంలో అగ్రవర్ణ స్త్రీలు ఇంటి లోపల పాడినవాటికీ, శ్రమచేసే కులాల స్త్రీలు పనిలో పాడినవాటికీ ఉన్న తేడాను స్పష్టంగా చూపించారు. ఆ దృష్టి రామాయణ పాటల దగ్గరే ఆగనవసరం లేదు. విసుర్రాయి పాటల సంపుటాలన్నిటినీ ఆ వెలుగులో మళ్ళీ చదవవలసి ఉంది.

కపిలె బాన కుట్టిన మాదిగల తోలుపని, గంపలు చాటలు అల్లిన మేదరుల, ఎరుకల చేతిపని, గొంగళ్ళు నేసిన కురుబల మగ్గం, కుమ్మరి చట్టి, ఇవన్నీ రైతు ఇంటిలోకి వస్తువులుగా వస్తాయి. గృహజీవన వర్ణనలో వస్తువు ఉంటుంది, చేసినవారి ఇల్లు ఉండదు. దూదేకుల కుటుంబాల ఇళ్ళు మరింత పూర్తిగా మాయమయ్యాయి. తెలుగు మాట్లాడుతూ, దూది ఏకి పరుపులు కుట్టి, పీర్ల పండుగనూ ఊరి జాతరనూ కలిపి జరుపుకున్న ఆ ఇళ్ళు హిందూ ఆచారాల అధ్యాయంలోనూ ఇమడలేదు, ముస్లిం సంస్కృతి అధ్యాయంలోనూ ఇమడలేదు. దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ఉగాదినాడు ముస్లింలు వస్తారన్న సంగతిని మతసామరస్యానికి ఉదాహరణగా ప్రతి వ్యాసమూ చెబుతుంది. ఆ రోజు ఆ కుటుంబాల ఇంట్లో ఏం వండుతారో, బీబీ నాంచారిని ఆడబిడ్డగా తలచుకునే ఆ చుట్టరికం ఇంటిలోపల ఏ మాటలతో సాగుతుందో ఆ వ్యాసాలు చెప్పవు.

కథల్లో కనబడే ఇల్లు

ఈ లోటును కొంతవరకు కథకులు పూరించారు. కేతు విశ్వనాథరెడ్డి ఒకవైపు కడప జిల్లా ఊరిపేర్ల మీద పరిశోధన చేసి, మరోవైపు 'జప్తు' మొదలుకొని రాసిన కథల్లో అప్పు, కరువు ఇంటిలోపలికి ఎలా వస్తాయో చూపించారు. ఒకే మనిషి చేసిన ఈ రెండు పనులనూ కలిపి చదివితే, పరిశోధకుడు చేరలేని గడప లోపలికి కథకుడు వెళ్ళగలిగాడని తెలుస్తుంది. వేంపల్లి గంగాధర్ తన పుస్తకానికి 'మొలకల పున్నమి' అన్న పేరు పెట్టుకోవడం, దానికి 2011లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం రావడం ఆ ఆచారం పేరును జిల్లా దాటించాయి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నవల కరువులో గొర్రెల మందతో నల్లమల ఎక్కిన కాపరుల కథ. ఇంటిని విడిచిన మనుషులు అడవిలో మళ్ళీ ఒక గృహజీవనాన్ని కల్పించుకోవడం అందులో కనిపిస్తుంది. రాయలసీమ అంటే కక్షలు, బాంబులు అని స్థిరపడిన సినిమా బొమ్మకు ఇవి సరైన సమాధానాలు. అయినా కథ కథే. దాన్ని క్షేత్రపరిశోధనకు బదులుగా ఉదాహరించే అలవాటు ఇటీవలి వ్యాసాల్లో పెరుగుతోంది. కథకుడు అలికిన ఇంటిని చూపించగలడు. అలకడానికి మన్ను ఎవరి పొలంనుంచి, ఎవరి అనుమతితో వచ్చిందో లెక్క చెప్పవలసిన బాధ్యత అతనిది కాదు.

మునిగిన ఇళ్ళు

ఈ చర్చ కేవలం పద్ధతి గురించిన చర్చగా ఎందుకు మిగలదో శ్రీశైలం జలాశయం చెబుతుంది. 1980ల తొలినాళ్ళలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు నీటిలో మునిగాయి. ముంపు ప్రాంతంలోని ప్రాచీన ఆలయాలను పురావస్తు శాఖలు రాయి రాయికీ అంకె వేసి విప్పి, వేరేచోట తిరిగి నిలబెట్టాయి. కూడవెల్లి సంగమేశ్వరం అలంపురానికి, రూపాల సంగమేశ్వరం కర్నూలు దగ్గర జగన్నాథగట్టుకు చేరాయి. అది గొప్ప పని. ఆ ఆలయాల చుట్టూ ఉన్న ఇళ్ళు మాత్రం పరిహారం లెక్కలో గోడలు, దూలాలు, తలుపులుగా నమోదై కూలిపోయాయి. ఒక్క మిద్దెనైనా ఉన్నదున్నట్టు విప్పి వేరేచోట నిలబెట్టాలన్న ఆలోచన రాకపోవడానికి పరిశోధన రంగం కూడా కొంత బాధ్యురాలే. ఇల్లు కళాఖండమని అప్పటికి ఎవరూ వాదించి ఉండలేదు. వస్తువులుగా, పాటలుగా, ఆచారాలుగా విడిపోయిన ఇంటికి వాదించే దిక్కు లేదు.

2020 నాటికి గండికోట జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరు వంటి కడప జిల్లా గ్రామాలు ఖాళీ అయ్యాయి. అప్పటికి విశ్వవిద్యాలయాల్లో జానపద పరిశోధనకు అర్ధశతాబ్దం దాటిన అనుభవం ఉంది, ప్రతి చేతిలో కెమెరా ఉంది. కదిలిపోతున్న కుటుంబాలు ట్రాక్టర్లలో పరుపులు, టీవీలు, మంచాలు ఎక్కించుకుని కొత్త కాలనీలకు తరలినప్పుడు విసుర్రాళ్ళలో ఎన్ని వెంట వెళ్ళాయి, ఎన్ని నీటికింద ఉండిపోయాయి అన్నది ఒక సిద్ధాంత వ్యాసానికి చాలిన విషయం. పునరావాస కాలనీలోని సిమెంటు వాకిట్లో పేడ అలుకుడు లేకుండా ముగ్గు ఏ రూపం తీసుకుంది, గవాచి లేని కప్పు కింద పొయ్యి ఎక్కడికి జరిగింది, పశువులు ఇంటినుంచి ఎంత దూరం పోయాయి అన్నవీ అంతే.

ఇలాంటి పరిశోధనకు గడువు కూడా ఉంది. రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983లో ఇరవై ఏళ్ళ కోడలిగా విసుర్రాయి పిడి పట్టిన స్త్రీకి ఇప్పుడు అరవై దాటాయి. ఆమెకు పిడికి అవతలి వైపు కూర్చున్నది ఎవరో గుర్తుంది. సేరు జొన్నలకు ఎన్ని పాటలు పట్టేవో, గంట్లు కొట్టడానికి ఏ నెలలో ఏ ఊరినుంచి వచ్చేవారో, ఆ పనికి డబ్బిచ్చారో గింజలిచ్చారో ఆమె చెప్పగలదు. ఆ రాయి ఇప్పుడు చాలా ఇళ్ళలో పెరట్లో తిరగేసి, బట్టలు ఉతికే బండ పక్కన పడివుంది.